నాన్న దుకాణంలోని పార్టులకు చిలుము పడుతోంది, ఎలా సర్దుకోవాలి?

రాజోలు రేడియో దుకాణం:

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. మా నాన్న నలభై ఏళ్లు రేడియోలు, టేప్ రికార్డర్లు, టీవీలు బాగుచేశారు. రెండేళ్ల కిందట ఆయన పోయాక దుకాణం నేను నడుపుతున్నాను. రేడియో పట్టుకుని వచ్చేవారు ఇప్పుడు నెలకు ఒకరో ఇద్దరో. మిగిలిన పని అంతా ఇన్వర్టర్ బోర్డులు, ఎల్ఈడీ దీపాలు, మోటారు స్టార్టర్లు, రొయ్యల చెరువుల నీటికి గాలి అందించే ఏరియేటర్ల ప్యానెళ్లు.

పోయిన వారం రాత్రి పదకొండు గంటలకు ఒక రైతు ఏరియేటర్ ప్యానెల్ బోర్డు విప్పి తెచ్చారు. చూస్తే బోర్డుకు 12 వోల్టులు నిలకడగా ఇచ్చే 7812 రెగ్యులేటర్ పోయింది. నా దగ్గర ఆ పార్టు ఉందని తెలుసు, ఎక్కడ ఉందో తెలియదు. వెతకడానికి యాభై నిమిషాలు పట్టింది. తీరా దొరికాక దాని కాళ్లు నల్లబడి ఉన్నాయి, టంకం అంటుకోలేదు. బ్లేడుతో గీకి, టంకం పట్టేందుకు ఫ్లక్స్ రాసి ఎలాగో అతికించాను. అంతసేపూ ఆయన గుమ్మంలో నిలబడి, చెరువు గట్టు మీదున్న కొడుకుతో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారు. ఏరియేటర్లు ఆగిపోతే రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. ఆ రాత్రి చెరువు దక్కింది. ఆ యాభై నిమిషాలు మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

సరుకు ఎలా ఉందో చెబుతాను. డాల్డా డబ్బాలు పదిహేడు, తాపేశ్వరం కాజా అట్టపెట్టెలు ఇరవై దాకా, లెక్కలేనన్ని అగ్గిపెట్టెలు, పన్నెండు సొరుగుల టేకు బల్ల ఒకటి. కొన్నిటి మీద నాన్న చేతిరాతతో చీటీలు ఉన్నాయి, సిరా కరిగి సగం చదవడానికి రావడం లేదు. పాత రేడియోల్లో వాడే ఏసీ128, బీఎఫ్194 ట్రాన్సిస్టర్లు, టీబీఏ810 ఐసీలు, పసుపు తెలుపు నలుపు తలల ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. వాటి మధ్యలోనే నేను కొన్న, కరెంటుతో పనిచేసే స్విచ్చుల్లాంటి రిలేలు, ట్రయాక్‌లు, ఎక్కువ వోల్టేజీ నుంచి కాపాడే వేరిస్టర్లు కలిసిపోయాయి. 2022 జూలై వరదలో దుకాణంలోకి మోకాలి లోతు నీరు వచ్చింది. కింది వరుస సొరుగులు నాలుగూ మునిగాయి. వాటిలో ఒండ్రు ఇంకా అలాగే ఉంది, ముట్టుకోవాలంటే చేతులు రావడం లేదు.

ముసురు పట్టిందంటే నా గదిలో తేమ మీటరు 88 శాతం చూపిస్తుంది. ఈ చెమ్మలో పార్టులను చెడకుండా ఉంచడం ఎలా? అడిగిన క్షణంలో చేతికి దొరికేలా సర్దడం ఎలా? నాన్న సరుకులో ఏది దాచాలి, ఏది పారేయాలి? మా వైపు పని చేసేవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కాకినాడ ఎలక్ట్రానిక్స్ విద్యార్థి:

అక్కా, నేను మూడో సంవత్సరం చదువుతున్నాను, ప్రాజెక్టుల కోసం చిన్న సరుకు పెట్టుకున్నాను. అరవై నాలుగు సొరుగుల ప్లాస్టిక్ బీరువా ఒకటి కొన్నాను. రెసిస్టర్లకు ఒక్కో విలువకు ఒక్కో సొరుగు. 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అన్న పన్నెండు అంకెల వరుస ఉంటుంది కదా. 10 ఓములతో మొదలుపెట్టి, దశకు పదింతల చొప్పున ఐదు దశలు తీసుకుంటే అరవై సొరుగులు నిండుతాయి. కంప్యూటర్‌లో పట్టిక రాసుకున్నాను, ఏది ఎన్ని మిగిలాయో అందులో తెలుస్తుంది. ఎదురుగా సొరుగులన్నీ కనిపిస్తుంటే పని చేయాలన్న ఉత్సాహం వస్తుంది. మీరు కూడా అలాంటివి నాలుగు కొంటే సరిపోతాయి అనుకుంటున్నాను.

నరసాపురం పాత మెకానిక్:

అమ్మా, నాకు అరవై ఎనిమిదేళ్లు. చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. విద్యార్థి తమ్ముడు చెప్పింది పొడి గదిలో బాగానే పనికొస్తుంది. ఏటిగట్టు పక్కన పనికిరాదు. ఆ సొరుగులకు మూత ఉండదు, వెనక ఖాళీ ఉంటుంది, గదిలో ఎంత చెమ్మ ఉంటే లోపలా అంతే. పైగా మరమ్మతు చేసేవాడికి అరవై విలువలు దేనికి? పది పన్నెండు విలువలు తరచుగా వాడతాం, మిగతావి ఏడాదికి ఒకసారి.

మన వైపు పార్టులు దాచడం అంటే ముందు నీటితో తగువు. 1996 నవంబరు 6 తుపానుకు నా దుకాణం ముమ్మిడివరంలో ఉండేది. రాత్రి పెంకులు లేచిపోయాయి. తెల్లవారి వెళ్లి చూస్తే చెక్క సొరుగుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, అట్టపెట్టెలు ముద్దయ్యాయి. అలమరలో నుంచి దొర్లి కిందపడిన హార్లిక్స్ సీసాలు మాత్రం, పగలనివి, మూత విప్పితే లోపల పొడిగా ఉన్నాయి. ఆ ఏడాది నాకు మిగిలిన సరుకు అదే. నెలన్నర దానితోనే పని చేశాను. అప్పటి నుంచి నా దుకాణంలో మూత తిప్పి బిగించే సీసాలోనో డబ్బాలోనో లేని పార్టు లేదు.

అట్టపెట్టెలు ఈ రోజే తీసెయ్. అట్ట చెమ్మను పీల్చి పట్టుకుంటుంది, ఎండ కాసినా వదలదు. కాళ్లు నల్లబడడానికి కారణం చెమ్మ ఒక్కటే కాకపోవచ్చు. మీ నాన్నగారు పార్టులను రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టారా? రబ్బరులో గంధకం ఉంటుంది. వెండి పూత ఉన్న కాళ్లను అది నల్లగా మార్చేస్తుంది. పాతబడితే కరిగి జిగురులా అంటుకుంటుంది. నూలు దారంతో కట్టుకో. కలరా ఉండలు కూడా అలమరలో వేయకు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

చెమ్మకు రెండు ఉపాయాలు చెబుతాను, రెండూ నేను వాడుతున్నవే. ఇనప బీరువా ఒకటి ఉంటే దాని అడుగున 15 వాట్ల పాతకాలపు బల్బు వెలిగించి ఉంచు. గాలి నాలుగైదు డిగ్రీలు వేడెక్కితే చాలు, అందులో ఉన్న ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం బాగా దిగిపోతుంది. ఎల్ఈడీ బల్బు పెడితే వేడి రాదు. బల్బుకు జానెడు దూరంలో ఏ వస్తువూ ఉండకూడదు, చుట్టూ ఇనప వల కట్టాలి. కరెంటు పోయిన రోజుల కోసం రెండో ఉపాయం, సీసాల్లో సిలికా జెల్. నారింజ రంగు గింజలు కొను, తడి పీల్చాక ఆకుపచ్చగా మారతాయి. నీలం రంగువి వద్దు, వాటిలో కోబాల్ట్ ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. ఆకుపచ్చగా మారినవాటిని పాత మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ వేడి చేస్తే మళ్లీ నారింజ రంగుకు వస్తాయి. ఆ మూకుడులో మళ్లీ వంట చేయకూడదు. బియ్యం పోసి పెట్టమని చాలామంది చెబుతారు. పార్టులకు తవుడు అంటుకుని పురుగు పట్టడం తప్ప అందులో ప్రయోజనం నేను చూడలేదు.

ఇక దొరకడం సంగతి. రెసిస్టర్లను విలువ ప్రకారం వేరు చేయాలని కూర్చుంటే నీకు ఆరు నెలలు పడుతుంది, మధ్యలో విసుగొచ్చి వదిలేస్తావు. రెసిస్టర్ మీది రంగు చారల్లో మూడోదాన్ని చూసి వేరు చెయ్. మూడో చార గోధుమరంగు అయితే వందలు, ఎరుపైతే వేలు, నారింజ అయితే పదివేలు, పసుపు అయితే లక్షలు. నలుపైతే పదుల ఓములు. ఐదారు సీసాలతో పని అయిపోతుంది. 4.7 కిలో ఓములు కావాలంటే ఎర్రచార సీసా చేతిలో వంపుకుంటే పది సెకన్లలో కంట పడుతుంది. ఐదు చారలవి వస్తే నాలుగో చార చూడాలి, వాటిని వేరే సీసాలో పెట్టు, కలపకు.

మిగతా వాటికి ప్రతి సీసాకూ ఒక నంబరు, అంతే. సీసా మీద పార్టు పేరు రాయకు. ఈ రోజు అందులో రిలేలు ఉంటాయి, వచ్చే ఏడాది ఇంకేదో ఉంటుంది, పేరు మారదు, మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. నంబరు సీసాది, పేరు పుస్తకంలోది. ఒక పొడవాటి చిట్టా పుస్తకంలో పార్టు పేరు, సీసా నంబరు రాసుకో. రాసేది పెన్సిల్‌తో రాయి. సిరా కరుగుతుంది, పెన్సిల్ రాత నీటిలో మునిగినా నిలుస్తుంది. సీసా లోపల కూడా ఒక పెన్సిల్ చీటీ వెయ్, బయటి కాగితం ఊడిపోయినా నంబరు పోదు.

రాత్రిపూట వచ్చే పని కోసం వేరే పెట్టె ఉండాలి. ప్రాణం మీదికి వచ్చే పనికి కావలసినవి ఏవో నీకే తెలుసు. 7805, 7812 రెగ్యులేటర్లు, 12 వోల్టుల రిలే, 1ఎన్4007 డయోడ్, బీసీ547 ట్రాన్సిస్టర్, ఫ్యూజులు, వేరిస్టర్. ఒక్కోటి ఐదేసి. ఆ పెట్టెలోంచి తీసిన మరునాడే మళ్లీ నింపాలి. పగటి పనికి అందులో చెయ్యి పెట్టకూడదు.

రాజోలు రేడియో దుకాణం:

బాబాయి గారూ, మీ మాట చదివి వెళ్లి చూస్తే దాదాపు ప్రతి కట్టకూ రబ్బరు బ్యాండే ఉంది. కొన్ని కరిగి కాళ్లకు తారులా అంటుకున్నాయి. రెండు రోజులుగా అవి విప్పుతున్నాను.

ఒక విషయం బయటపడింది. నాన్న డబ్బాల్లో క్రమం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాలుగో డాల్డా డబ్బాలో ఒక ఐఎఫ్ సెట్, రెండు బీఎఫ్194లు, ఒక డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఏసీ128 జత, చిన్న కెపాసిటర్లు కలిసి ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు కలిపారు అని చాలాసేపు చూశాను. అది ఒక రేడియో. ఒక మోడల్ రేడియోలో తరచుగా పోయే పార్టులన్నీ ఒకే డబ్బాలో ఉంచారు. ఆ రేడియో ఎవరైనా తెస్తే ఆయన ఒక్క డబ్బా దించితే చాలు. తర్వాతి డబ్బా టేప్ రికార్డరుది. నా పార్టులను తెచ్చి వాటి మధ్యలో పోసి ఆ క్రమం చెడగొట్టింది నేనే. ఆ సంగతి తెలిసి చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా సందేహం. ఏరియేటర్ ప్యానెల్‌కు కావలసినవన్నీ ఒక డబ్బా, ఇన్వర్టర్‌కు ఒక డబ్బా, అలా నాన్న పద్ధతిలోనే పెట్టుకోనా? లేక మీరు చెప్పినట్టు నంబర్ల సీసాలా? నాన్న దాచిన పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా డబ్బాడు ఉన్నాయి, అవి వాడవచ్చా?

నరసాపురం పాత మెకానిక్:

మీ నాన్నగారు గొప్ప పనివాడమ్మా. రెండూ పెట్టుకో. సరుకు అంతా నంబర్ల సీసాల్లో ఉంటుంది. పనికి ఒక డబ్బా చొప్పున ఆ సీసాల్లోంచే నింపుకుంటావు. నేను చెప్పిన రాత్రి పెట్టె ఆయన పద్ధతే, ఆయన ప్రతి సెట్టుకూ అలాంటిది పెట్టుకున్నారు.

కెపాసిటర్ల సంగతికి వస్తే, వాడకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే లోపలి ఆక్సైడ్ పొర పలచబడుతుంది, ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే కరెంటు కారి వేడెక్కుతుంది, పేలవచ్చు కూడా. నాలుగైదేళ్ల చిన్నవి అయితే 1 కిలో ఓము రెసిస్టర్‌ను వరుసలో పెట్టి, దాని మీద రాసిన వోల్టేజీని ఒక గంట ఇస్తే పొర మళ్లీ కడుతుంది. మీటరులో కరెంటు దిగుతూ రావాలి, దిగకపోతే పారెయ్. పాతికేళ్లవి, అడుగున రబ్బరు ఉబ్బినవి, వందల వోల్టులవి, వీటితో ప్రయోగం వద్దు. ఇకపై కొనేవాటి మీద కొన్న నెల, సంవత్సరం రాసుకో. ముందు కొన్నది ముందు వాడు.

వరదలో మునిగిన సొరుగులను వదిలేయకు. రెసిస్టర్లు, డయోడ్లు, లోహపు డబ్బా ట్రాన్సిస్టర్లను మంచినీటితో రెండుసార్లు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, ఎండలో ఆరబెట్టి, కాళ్లు గీకి ఒక్కోటి మీటరు మీద చూడు. చాలావరకు బతుకుతాయి. రిలేలు, ప్రీసెట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు బతకవు. ఒండ్రు లోపలికి వెళ్లిన రిలే పైకి బాగున్నట్టే కనిపించి, ఏదో ఒక రాత్రి చెరువు దగ్గర మొరాయిస్తుంది.

బోర్డుల అసెంబ్లీలో చేసినామె:

నేను తొమ్మిదేళ్లు బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేసి ఇప్పుడు తణుకులో ఉంటున్నాను. బాబాయి గారు చెప్పినవాటికి ఒక ముఖ్యమైన మాట కలపాలి. బల్బు, సిలికా జెల్ పెట్టి గాలిని పొడి చేశారనుకోండి, స్థిర విద్యుత్తు బెడద మొదలవుతుంది. తడి గాలిలో అది తనంతట తానే కారిపోతుంది. పొడి ప్లాస్టిక్ డబ్బాలో నిలిచిపోతుంది. రెసిస్టర్లు, రిలేలకు ఏమీ కాదు. మాస్‌ఫెట్లు, మైక్రోకంట్రోలర్లు, 4000 వరుస ఐసీలు మాత్రం కంటికి కనిపించకుండా దెబ్బతింటాయి. వెంటనే పోకపోవచ్చు, బిగించిన నెలకు పోతాయి. వాటిని వెండిరంగు షీల్డింగ్ సంచిలో పెట్టి, ఆ సంచిని సీసాలో పెట్టండి. గులాబీ రంగు సంచి తాను విద్యుత్తు పుట్టించదు, కానీ బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు.

మన వైపు రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, తేలిక, పైగా మూత ఉంటుంది. ఐసీలు గుచ్చి పెట్టుకోవడానికి బాగుంటుందని చాలామంది వాడతారు. దయచేసి వాడకండి. థర్మోకోల్‌ను మించిన స్థిర విద్యుత్తు పుట్టిల్లు లేదు. నల్లటి స్పాంజి మంచిది, అదీ కొత్తది. ఏళ్లు గడిచి పొడి రాలుతున్న స్పాంజి ఐసీ కాళ్లను తినేస్తుంది. ఆ నల్ల స్పాంజికి కరెంటు పారే గుణం ఉంది కాబట్టి బటన్ సెల్లులను దాని మీద పెట్టకూడదు, వాటంతట అవే ఖాళీ అయిపోతాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ సెల్లులకు తాళం వేసిన చోటు ఉండాలి. మింగితే ప్రాణానికే ముప్పు.

బోర్డు పైనే అతికే చిన్న పార్టుల గురించి కూడా చెప్పాలి. వాటిలో సిరామిక్ కెపాసిటర్ల మీద ఏ రాతా ఉండదు. టేపులోంచి తీశారంటే అది ఎంత విలువో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. టేపు ముక్కతోనే కత్తిరించి, విలువ రాసి, నాణేల ఆల్బమ్ అరల్లో పెట్టుకుంటే పుస్తకంలా తిప్పి చూసుకోవచ్చు. అలాంటి ఐసీల్లో చాలావాటి సంచి మీద తేమ తరగతి ముద్రించి ఉంటుంది. 3వ తరగతి అంటే సంచి విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమకు మించని గదిలో 168 గంటల లోపు వాడాలి అని అర్థం. మన గదుల్లో ఆ 60 శాతం ఎక్కడిది? తేమ లోపలికి దిగిన ఐసీని వేడిగాలి కింద పెడితే లోపలి నీరు ఆవిరై పొట్ట పగులుతుంది. హాట్ ఎయిర్‌తో పని చేసేవారికి ఇది చాలా ముఖ్యం. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో కాలూ అతికే పాత తరహా ఐసీలకు ఆ భయం అక్కర్లేదు.

రాజోలు రేడియో దుకాణం, మూడు వారాల తర్వాత:

అందరికీ దండాలండీ. చేసినంతవరకు చెబుతాను.

అట్టపెట్టెలన్నీ పోయాయి. ఒకే కొలత సీసాలు నూట పది సమకూరాయి. సగం ఊళ్లోవాళ్లు ఇచ్చినవే. పచ్చడి సీసాలను వేడినీళ్లతో మూడుసార్లు కడిగి ఎండబెట్టాను, ఉప్పు మిగలకూడదని. అమ్మ పాత బీరువా ఇచ్చింది, బల్బు పెట్టాను. వాన కురుస్తున్న రోజున గదిలో 86 ఉంటే బీరువాలో 61 చూపించింది. సిలికా జెల్ వేసిన సీసాలో మీటరు పెట్టి మూత బిగిస్తే మరునాటికి 30 దగ్గరకు వచ్చింది.

మూడో చార ఉపాయంతో రెసిస్టర్ల పని ఒక్క ఆదివారంలో అయిపోయింది, అమ్మ కూడా కూర్చుని వేరు చేసింది. మునిగిన నాలుగు సొరుగులూ కడిగాను. రెసిస్టర్లలో దాదాపు అన్నీ దక్కాయి. రిలేలు ఇరవై మూడు పారేశాను. 2022లో నీరు వచ్చిన గీత గోడ మీద ఇంకా ఉంది, ఆ గీత కింద ఇప్పుడు ఏమీ పెట్టడం లేదు. సీసాలన్నీ చేపల ప్లాస్టిక్ ట్రేల్లో ఉన్నాయి, ఒక్కో ట్రేలో పద్దెనిమిది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి రెండో వరద హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే అమ్మా నేనూ కలిసి అరగంటలో అటక మీదికి చేర్చగలమా అని ఒకసారి చేసి చూశాం. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

మొన్న రాత్రి ఇంకో ప్యానెల్ వచ్చింది. రిలే పోయింది. రాత్రి పెట్టె తెరిచి, తీసి, అతికించి, పరీక్షించి పంపేసరికి పద్నాలుగు నిమిషాలు.

నాన్న డాల్డా డబ్బాల్లో ఐదింటిని ఆయన సర్దినట్టే తిరిగి కట్టాను. మిగిలిన వాటిలో ఏసీ128లు పంతొమ్మిది వచ్చాయి, లీకేజీ చూసి పద్నాలుగు బాగున్నవి వేరు చేశాను. పాత రేడియో ఇంకా వింటూ ఈ ట్రాన్సిస్టర్ దొరక్క ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి. తపాలా ఖర్చు మాత్రం పంపితే చాలు. రేడియో మోడల్ కూడా రాయండి, దానికి తోడు పోయే కెపాసిటర్లు ఏవో నాన్న డబ్బా చూసి కలిపి పంపుతాను.